సగం చెడిన వర్కర్ నోడును గుర్తించి పక్కన పెట్టడం ఎలా

శ్రీకాకుళంలోని ఒక కళాశాల ప్రయోగశాలలో తొమ్మిది పాత కంప్యూటర్లను కలిపి నడుపుతున్న చిన్న క్లస్టరును చూసుకునే పని కొన్నేళ్లుగా నా మీద ఉంది. వాటిలో ఒకటి పనిని పంచే మాస్టరు, మిగిలిన ఎనిమిది ఆ పనిని చేసే వర్కర్ నోడులు. నాగావళి, వంశధార నదుల నీటిమట్టాల నమోదులను, మండలాలవారీ వర్షపాతం లెక్కలను విద్యార్థులు హడూప్‌లో భద్రపరచి స్పార్క్‌తో విశ్లేషిస్తూ ఉంటారు. పెద్ద నగరాల డేటా సెంటర్లలో, చల్లని గదుల్లో నడిచే యంత్రాలకు వచ్చే జబ్బులే మా యంత్రాలకూ వస్తాయి; కాకపోతే సముద్రపు ఉప్పుగాలి, వేసవి ఉక్క, పడుతూ లేస్తూ ఉండే వోల్టేజీ కారణంగా మాకు అవి కొంచెం ముందుగా, కొంచెం తరచుగా వస్తాయి. వర్కర్ నోడు చెడినప్పుడు ఏం చేయాలో, ఏ వరుసలో చేయాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇందులో చెప్పేవి లెక్కలు చేసే స్పార్క్‌ను, యంత్రాల బలాన్ని పనులకు కేటాయించే హడూప్ భాగమైన యార్న్‌ను, డేటాను పలు యంత్రాల డిస్కుల మీద దాచే హడూప్ ఫైల్ వ్యవస్థ హెచ్‌డీఎఫ్‌ఎస్‌ను దృష్టిలో పెట్టుకొని చెబుతున్నవే అయినా, పనిని ముక్కలు చేసి పలు యంత్రాలకు పంచే ఏ వ్యవస్థకైనా ఈ తర్కం చాలావరకు సరిపోతుంది.

పూర్తిగా ఆగిన నోడు గురించి

కరెంటు పోయో, విద్యుత్ సరఫరా పెట్టె కాలిపోయో ఒక నోడు పూర్తిగా ఆగిపోతే పెద్దగా కంగారు పడనక్కరలేదు. ఈ వ్యవస్థలను రాసినవారు మొదటి నుంచీ ఆ ప్రమాదాన్ని మనసులో పెట్టుకొనే రాశారు. స్పార్క్‌లో ప్రతి ఎగ్జిక్యూటరూ (నోడు మీద పని చేసే ప్రోగ్రాము) 10 సెకన్లకు ఒకసారి తాను బతికే ఉన్నానని డ్రైవరుకు (ఆ పనిని నడిపించే ప్రోగ్రాముకు) హార్ట్‌బీట్ పంపుతుంది. మనం ఏమీ మార్చకపోతే, 120 సెకన్లపాటు ఆ కబురు అందనప్పుడు డ్రైవరు దాన్ని పోయినదిగా లెక్కగట్టి, దాని చేతిలో ఉన్న టాస్కులను (పని ముక్కలను) వేరొకరికి అప్పగిస్తుంది. హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో డేటానోడు (డేటా దాచే నోడు) 3 సెకన్లకు ఒకసారి పలుకుతుంది. 10 నిమిషాల 30 సెకన్లు పలకకపోతే నేమ్‌నోడు (ఏ డేటా ఎక్కడ ఉందో లెక్క ఉంచే ప్రోగ్రాము) దాన్ని చనిపోయినదిగా ప్రకటించి, దాని మీద ఉన్న బ్లాకులకు (ఫైళ్ల ముక్కలకు) మిగిలిన ప్రతుల నుంచి కొత్త ప్రతులు తయారు చేయిస్తుంది. ప్రతి బ్లాకుకు సాధారణంగా మూడు ప్రతులు ఉంటాయి కనుక ఒక్క నోడు పోయినంత మాత్రాన డేటా పోదు. యార్న్ కూడా 10 నిమిషాలు ఎదురుచూసి ఆ నోడును జాబితా నుంచి తీసివేస్తుంది. ఈ గడువులు పొడవుగా ఉన్నాయని కొందరు బాగా తగ్గించేస్తారు. నా అనుభవంలో అది మేలు చేయదు, ఎందుకంటే జావా చెత్త సేకరణ (వాడని మెమరీని ఖాళీ చేసే పని) కోసం కొన్ని సెకన్లు ఆగిన ఆరోగ్యవంతమైన ఎగ్జిక్యూటరును కూడా అప్పుడు చనిపోయినదిగా లెక్కగట్టి, చేసిన పనినంతా మళ్లీ చేయించవలసి వస్తుంది.

హార్ట్‌బీట్ చెప్పని సంగతి

అసలు నష్టం సగం చెడిన నోడు వల్ల వస్తుంది. హార్ట్‌బీట్ పంపే తీగకు, పని చేసే చేతికి సంబంధం చాలా తక్కువ. డిస్కు నిండిపోయిన నోడు, డిస్కు చదవడానికి మాత్రమే మిగిలిపోయిన నోడు, ఒక జావా లైబ్రరీ ఫైలు పాడైన నోడు కూడా వేళ తప్పకుండా హార్ట్‌బీట్ పంపుతూనే ఉంటాయి. మాస్టరు దృష్టిలో అవి ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క.

ఇటువంటి నోడు క్లస్టరుకు ఎంత చేటు చేయగలదో ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఎనిమిది నోడులు, ఒక్కొక్కటి ఒకసారికి ఒక టాస్కు చొప్పున చేస్తున్నాయని, మంచి నోడుకు ఒక టాస్కు పూర్తి చేయడానికి 40 సెకన్లు పడుతుందని అనుకోండి. డిస్కు నిండిన నోడు మాత్రం తాత్కాలిక ఫైలు తెరవబోయి అర సెకనులోనే విఫలమవుతుంది. విఫలమైన మరుక్షణం దాని చేయి ఖాళీ అవుతుంది. మిగిలిన ఏడూ తమ పనిలో మునిగి ఉన్నాయి కనుక షెడ్యూలరు తరువాతి టాస్కును కూడా దానికే ఇస్తుంది. ఏడు మంచి నోడులు ఏడు టాస్కులు ముగించే 40 సెకన్లలో ఈ ఒక్క నోడు 80 టాస్కులను చెడగొట్టగలదు. స్పార్క్‌లో ఒకే టాస్కు 4 సార్లు విఫలమైతే ఉద్యోగం (జాబ్, అంటే అప్పగించిన పని) మొత్తం ఆగిపోతుంది. ఆ నాలుగు సార్లూ అదే నోడుకు వెళ్లే అవకాశం ఉంది కనుక, ఏడు యంత్రాలు బాగానే ఉన్నా మొత్తం పని రెండు మూడు సెకన్లలో కూలిపోవచ్చు. పనిని త్వరగా చెడగొట్టే నోడు ఎప్పుడూ ఖాళీగా కనిపిస్తుంది, ఖాళీగా కనిపించేదానికే పని దక్కుతుంది: క్లస్టరును చూసుకునేవారు అన్నిటికంటే ముందు అర్థం చేసుకోవలసిన విషయం ఇదే. నోడును దాని పలుకును బట్టి కాక, దాని పనిని బట్టి అంచనా వేయాలి. ఇకపై చెప్పే ప్రతి మెట్టూ ఈ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంది.

తప్పు పనిదా, చోటుదా

విఫలమైన టాస్కు కనిపించగానే నోడును అనుమానించకండి. ముందుగా స్పార్క్ వెబ్ పేజీలో ఆ స్టేజిని (పనిలోని ఆ దశను) తెరిచి, విఫలమైన ప్రయత్నాలన్నింటినీ రెండు రకాలుగా లెక్కపెట్టండి: ఏ టాస్కు ఎన్నిసార్లు విఫలమైంది, ఏ నోడు మీద ఎన్ని విఫలమయ్యాయి. ఒకే టాస్కు నాలుగు వేర్వేరు నోడుల మీద విఫలమైతే తప్పు ఆ పనిది లేదా ఆ డేటాది. వేర్వేరు టాస్కులు ఒకే నోడు మీద విఫలమైతే తప్పు ఆ చోటుది. ఈ లెక్క కాగితం మీద వేయడానికి ఐదు నిమిషాలు చాలు, కానీ ఇది వేయకుండా తీగలు పీకడం మొదలుపెట్టిన సాయంత్రాలు మాకు చాలానే ఉన్నాయి. ఒకసారి వర్షపాతం ఫైలులో ఒక మండలం వరుసలు తప్పు విభజన గుర్తుతో వచ్చి, ఒకే పార్టిషను (డేటా ముక్క) ఎక్కడికి వెళితే అక్కడ విఫలమైంది. చివరి ప్రయత్నం మూడో నోడు మీద జరిగింది కనుక విద్యార్థులు మూడో నోడును విప్పి పెట్టారు. యంత్రంలో ఏ లోపమూ లేదు.

నెమ్మదితనం విషయంలోనూ ఇదే పరీక్ష పనికివస్తుంది. ఒక టాస్కు మాత్రమే మిగిలినవాటికంటే చాలాసేపు నడుస్తుంటే, అది చదివిన డేటా పరిమాణం ముందు చూడండి. ఒకే కీ కింద లక్షల వరుసలు పోగుపడితే ఆ టాస్కు ఏ నోడు మీదైనా నెమ్మదిగానే నడుస్తుంది. డేటా సమానంగా ఉండి కూడా ఒకే నోడు మీది టాస్కులన్నీ ఆలస్యమవుతుంటే అప్పుడు నోడును అనుమానించండి.

ఇక్కడ ఒక చోట చాలామంది పొరబడతారు. షఫుల్ (ఒక స్టేజి ఫలితాలను తరువాతి స్టేజి కోసం నోడులు ఒకదాని నుంచి ఒకటి తెచ్చుకోవడం) సమయంలో వచ్చే ఫెచ్ ఫెయిల్డ్ లోపాన్ని ఫిర్యాదు చేసేది ఒక నోడు, లోపం ఉన్నది మరో నోడు. ముందరి స్టేజి ఫలితాలు ఏ నోడు స్థానిక డిస్కు మీద ఉన్నాయో ఆ నోడు వాటిని అందించలేకపోతే, వాటిని తెచ్చుకోబోయిన నోడు మీద టాస్కు విఫలమైనట్టు నమోదవుతుంది. ఆ లోప సందేశంలోనే బ్లాకు ఏ యంత్రం నుంచి రావలసి ఉందో దాని పేరు ఉంటుంది. లెక్క వేసేటప్పుడు ఆ పేరునే లెక్కించాలి. ఫిర్యాదు చేసిన నోడును తీసివేస్తే మంచిది పోయి చెడ్డది మిగులుతుంది, మరుసటి ప్రయత్నంలో ఇంకొక మంచి నోడు ఫిర్యాదు చేస్తుంది.

నోడు దగ్గరకు వెళ్లి చూడవలసినవి

చోటుదే తప్పు అని తేలాక, డిస్కుతో మొదలుపెట్టండి, ఎందుకంటే మేము చూసిన లోపాల్లో ఎక్కువభాగం అక్కడే ఉన్నాయి. ఖాళీ స్థలం ఒక్కటే చూస్తే చాలదు. చిన్న చిన్న షఫుల్ ఫైళ్లు లెక్కకు మించి పేరుకుపోతే స్థలం ఉండగానే ఐనోడులు (ప్రతి ఫైలుకు ఒకటి చొప్పున డిస్కు ఉంచే నమోదులు) అయిపోతాయి, అప్పుడూ కొత్త ఫైలు తెరుచుకోదు. స్పార్క్ తాత్కాలిక ఫోల్డరు ఏ విభాగంలో ఉందో చూడండి. ఆపరేటింగ్ సిస్టం ఉన్న చిన్న విభాగంలోనే దాన్ని వదిలేస్తే లాగ్‌లు, షఫుల్ ఫైళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. కరెంటు హఠాత్తుగా పోయి వచ్చిన తరువాత ఫైల్ సిస్టంలో లోపం కనబడితే లైనక్స్ ఆ డిస్కును చదవడానికి మాత్రమే అనుమతిస్తూ తిరిగి మౌంట్ చేయవచ్చు. పైకి అన్నీ కనిపిస్తాయి, రాయడం మాత్రం కుదరదు. తరువాత స్మార్ట్ సమాచారంలో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఉంచే లెక్కలో) కేటాయింపు మార్చిన సెక్టార్ల (చెడినందున బదులు వేరే చోటు ఇచ్చిన డిస్కు భాగాల) సంఖ్యను, మార్పు కోసం ఎదురుచూస్తున్న సెక్టార్ల సంఖ్యను చూడండి. సున్నా కాకపోవడం కంటే, వారం వారం పెరుగుతూ ఉండటం ప్రమాద సూచన.

చెడిపోతున్న డిస్కు లోపం చూపకుండా నెమ్మదించడం అంతకంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. 2004లో గూగుల్ ఇంజనీర్లు జెఫ్రీ డీన్, సంజయ్ ఘెమావత్ మ్యాప్‌రెడ్యూస్‌ను (పనిని ముక్కలు చేసి పలు యంత్రాల మీద లెక్కించే పద్ధతిని) వివరిస్తూ ప్రచురించిన పత్రంలో, సరిదిద్దగల లోపాలు తరచూ వస్తున్న డిస్కు చదివే వేగం సెకనుకు 30 మెగాబైట్ల నుంచి 1 మెగాబైటుకు పడిపోవచ్చని రాశారు. యంత్రాన్ని సిద్ధం చేసే ప్రోగ్రాములో ఒక తప్పు వల్ల ప్రాసెసరు క్యాష్ నిలిచిపోయి, ఆ యంత్రాల మీద లెక్కలు వంద రెట్లకు పైగా నెమ్మదించిన సంగతి కూడా వారే నమోదు చేశారు. ఈ రెండు సందర్భాల్లోనూ యంత్రం ఎక్కడా ఆగలేదు, ఏ ఫిర్యాదూ చేయలేదు.

నెట్‌వర్కు విషయంలో మా ఆరో నోడు మాకు పాఠం చెప్పింది. దాని మీది టాస్కులు మామూలుగానే ముగిసేవి, షఫుల్ ఉన్న స్టేజి వస్తే మాత్రం అందరూ దాని కోసం ఎదురుచూసేవారు. డిస్కు మార్చాం, మెమరీ మార్చాం, ఫలితం లేదు. చివరికి నెట్‌వర్కు కార్డు స్థితిని చూపే ఈథ్‌టూల్ ఆదేశంతో చూస్తే సెకనుకు 1000 మెగాబిట్లు ఉండవలసిన లంకె 100 వద్ద కుదిరి ఉంది. గిగాబిట్ ఈథర్నెట్‌కు తీగలోని నాలుగు జతలూ కావాలి, 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. ఉప్పుగాలికి కనెక్టరులోని ఒక లోహపు ముల్లు చిలుము పట్టి ఒక జత తెగిపోవడంతో, కార్డు మారుమాట లేకుండా తక్కువ వేగానికి దిగిపోయింది. అప్పటి నుంచి నోడును విప్పే ముందు లంకె వేగం, పాకెట్ లోపాల సంఖ్య చూడటం మాకు అలవాటు అయింది. సముద్రానికి దగ్గరగా ఉన్న కళింగపట్నం, భావనపాడు వంటి చోట్ల క్లస్టరు పెట్టుకునేవారు ఈ ఒక్క పరీక్షను నెలకొకసారి తప్పక చేయాలని నా అభిప్రాయం.

మెమరీ విషయంలో, ఎగ్జిక్యూటరు 137 అనే ముగింపు సంఖ్యతో ఆగితే, దాన్ని బయటి నుంచి ఎవరో బలవంతంగా చంపారని అర్థం. 128కి 9వ సంకేతం కలిపితే వచ్చే సంఖ్య అది. ఎక్కువ సందర్భాల్లో ఆ పని చేసేది మెమరీ చాలక లైనక్స్ కెర్నెలే, కనుక కెర్నెల్ లాగ్‌లో ఆ నమోదు ఉందో లేదో చూడండి. అన్ని నోడుల మీదా 137 వస్తుంటే మీ కేటాయింపు తక్కువైనట్టు. ఒక్క నోడు మీదే వస్తుంటే, ఆ యంత్రంలో ఒక మెమరీ కడ్డీ కదిలి సగం మెమరీయే కనిపిస్తోందేమో చూడండి. పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లలో మెమరీ లోపాలను సరిదిద్దే ఈసీసీ సౌకర్యం సాధారణంగా ఉండదు, కాబట్టి అనుమానం ఉంటే రాత్రంతా మెమరీ పరీక్ష నడిపి తీరాలి.

గడియారాన్ని మరచిపోకండి. పాత మదర్‌బోర్డు మీద బ్యాటరీ అయిపోతే, ఎక్కువసేపు కరెంటు పోయి వచ్చిన తరువాత ఆ యంత్రం ఎన్నో ఏళ్ల కిందటి తేదీతో లేస్తుంది. క్రోనీ వంటి సమయ సేవ (గడియారాలను సరిచేస్తూ ఉండే ప్రోగ్రాము) సరిగా నడవకపోతే ఆ తేడా అలాగే ఉండిపోతుంది; అలా లేచినది మాస్టరే అయితే, నోడుల మీద యార్న్ కంటైనర్లు (పనికి కేటాయించిన చోట్లు) టోకెను (అనుమతి చీటీ) గడువు ముగిసిందన్న లోపంతో మొదలు కాకుండానే ఆగిపోతాయి. ఆ సందేశం చదివిన ఎవరికైనా భద్రతా అమరికల మీదికే దృష్టి పోతుంది. దోషం మాత్రం ఒక చిన్న బిళ్ల బ్యాటరీది. ఇక వేడి సంగతి: మే నెలలో మధ్యాహ్నం మాత్రమే నెమ్మదించి, రాత్రి బాగుండే నోడు ఉంటే దాని ఫ్యాను, దుమ్ము పట్టిన హీట్‌సింకు శుభ్రం చేయించండి.

వ్యవస్థ తానే పక్కన పెట్టేలా చూడటం

మనం నిద్రపోతున్నప్పుడు కూడా చెడ్డ నోడుకు పని వెళ్లకుండా ఉండాలంటే రెండు అమరికలు కావాలి. మొదటిది స్పార్క్‌లోని ఎక్స్‌క్లూడ్ ఆన్ ఫెయిల్యూర్. 3.1 వెర్షనుకు ముందు దీన్నే బ్లాక్‌లిస్ట్ అనేవారు. దీన్ని మనమే తెరవాలి. తెరిస్తే, ఒక టాస్కు ఒక ఎగ్జిక్యూటరు మీద 1 సారి విఫలమైతే మళ్లీ ఆ ఎగ్జిక్యూటరుకు, ఒక నోడు మీద 2 సార్లు విఫలమైతే మళ్లీ ఆ నోడుకు ఆ టాస్కును పంపదు. ఒకే స్టేజిలో 2 వేర్వేరు టాస్కులు విఫలమైన ఎగ్జిక్యూటరును ఆ స్టేజి మొత్తానికి పక్కన పెడుతుంది. అలా 2 ఎగ్జిక్యూటర్లు పక్కకు పోయిన నోడును నోడుగానే పక్కన పెడుతుంది. ఈ సంఖ్యలన్నీ మార్చుకోవచ్చు, కానీ నోడుకు అనుమతించే ప్రయత్నాలు టాస్కుకు అనుమతించే మొత్తం వైఫల్యాలకంటే తక్కువ ఉండి తీరాలి. లేకపోతే అమరికకు అర్థం లేదు, స్పార్క్ కూడా దాన్ని అంగీకరించదు. చిన్న క్లస్టరులో నోడుకు ఒకే ఎగ్జిక్యూటరు నడుపుతుంటే 2 ఎగ్జిక్యూటర్ల నిబంధన ఎప్పటికీ నెరవేరకపోవచ్చు, కనుక మేము దాన్ని 1 చేసుకున్నాం.

ఉద్యోగం మొత్తానికి పక్కన పెట్టిన నోడు కూడా 1 గంట తరువాత తిరిగి పనిలోకి వస్తుందని గుర్తుంచుకోండి. పది నిమిషాల్లో ముగిసే పనికి ఇది పట్టదు, రోజుల తరబడి, డేటా వస్తున్నకొద్దీ నడిచే స్ట్రీమింగ్ పనిలో మాత్రం నిండిన డిస్కు గంటకొకసారి తిరిగి వచ్చి మళ్లీ మళ్లీ పని చెడగొడుతుంది. అందుకే ఈ అమరికను తాత్కాలిక ఉపశమనంగానే చూడాలి. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. తప్పు డేటాది అయినప్పుడు ఈ అమరిక మంచి నోడులను ఒక్కొక్కటిగా పక్కన పెడుతూ పోయి, చివరికి ఎక్కడా నడపలేనని చెప్పి పనిని ఆపివేస్తుంది. హడూప్ మ్యాప్‌రెడ్యూస్ ఈ ప్రమాదాన్ని గుర్తించి, 33 శాతం నోడులు నిషేధంలోకి వెళితే ఆ నిషేధాన్నే పట్టించుకోవడం మానేస్తుంది. మా వంటి ఎనిమిది నోడుల చోట రెండు పోతే నాలుగో వంతు బలం పోయినట్టే, కాబట్టి రెండో నోడు పక్కకు వెళ్లిందంటే వెంటనే మనిషి చూడాలని నియమం పెట్టుకోండి.

రెండోది యార్న్ ఆరోగ్య పరీక్ష స్క్రిప్టు. ప్రతి వర్కర్ నోడు మీదా యార్న్ తరఫున నడిచే నోడ్‌మేనేజరు మనం రాసిన స్క్రిప్టును 10 నిమిషాలకు ఒకసారి నడుపుతుంది; అది ముద్రించిన ఏ వరుసైనా ఎర్రర్ అనే పదంతో, అన్నీ ఆంగ్ల పెద్ద అక్షరాలతో మొదలైతే ఆ నోడును అనారోగ్యంగా గుర్తించి కొత్త పని ఇవ్వదు. స్క్రిప్టు సున్నా కాని సంఖ్యతో ముగిసినంత మాత్రాన నోడు అనారోగ్యమని లెక్కకు రాదు, ఎందుకంటే ఆ తప్పు స్క్రిప్టు రాసినవారిది కావచ్చు. ఈ సంగతి తెలియక స్క్రిప్టు రాసి, అది పనిచేస్తోందనుకొని ధీమాగా ఉండేవారు చాలామంది. డిస్కు 90 శాతం నిండితే యార్న్ తానే ఆ డిస్కును వాడటం మానేస్తుంది. మా స్క్రిప్టు తాత్కాలిక ఫోల్డరులో నిజంగా ఒక చిన్న ఫైలు రాసి, చదివి, తుడిచివేస్తుంది. లంకె వేగం 1000 ఉందో లేదో చూస్తుంది. మాస్టరు గడియారంతో తేడా ఎంతో చూస్తుంది. పైన చెప్పిన జబ్బుల్లో సగానికి పైగా ఈ మూడు పరీక్షలకే దొరుకుతాయి. పని చేయించి చూసే పరీక్ష ఏదైనా, ప్రోగ్రాము నడుస్తోందా లేదా అని మాత్రమే చూసే పరీక్షకంటే మేలు.

నెమ్మదించిన నోడు

ఉభాల కాలంలో మన పొలాల్లో ముఠా మునుం పట్టినప్పుడు ఒకరు వెనకబడితే, తమ వరుస ముగించినవారు వెనక్కి వచ్చి ఆ మిగిలిన వరుసను పూర్తి చేస్తారు. ఆ మునుం ముగిస్తేగాని అందరూ కలిసి తరువాతి మడికి కదలలేరు. స్పార్క్‌లో స్టేజి కూడా అలాగే ఆఖరి టాస్కు ముగిసేదాకా కదలదు. స్పెక్యులేషన్ అనే అమరిక ఈ సాయాన్ని యంత్రాలకు నేర్పుతుంది: స్టేజిలో 75 శాతం టాస్కులు ముగిసిన తరువాత, మధ్యస్థ సమయానికి 1.5 రెట్లు దాటి ఇంకా నడుస్తున్న టాస్కుకు వేరొక నోడు మీద నకలు మొదలుపెట్టి, ఏది ముందు ముగిస్తే దాని ఫలితాన్ని తీసుకుంటుంది. స్పార్క్ 4.0లో ఈ హద్దులను 90 శాతం, 3 రెట్లుగా మార్చారు. పైన చెప్పిన 2004 పత్రంలో ఒక పెద్ద క్రమీకరణ పనికి ఇటువంటి నకళ్లు లేకపోతే 44 శాతం ఎక్కువ సమయం పట్టిందని ఉంది.

అయితే టాస్కు బయటి డేటాబేసులో వరుసలు చేర్చేది అయితే నకలు వల్ల ఒకే వరుస రెండుసార్లు చేరవచ్చు. అటువంటి పనుల్లో స్పెక్యులేషన్‌ను మూసివేయండి, లేదా ఒకే కీతో రెండుసార్లు రాసినా ఫలితం మారకుండా ఉండేలా ప్రోగ్రామును రాయండి. అదీగాక, నకళ్లు జబ్బును దాచిపెడతాయి. ఏ నోడు మీది టాస్కులకు తరచూ నకళ్లు పుడుతున్నాయో వారానికొకసారి లెక్క తీస్తే, మరికొన్నాళ్లలో పూర్తిగా చెడబోయే నోడు ముందుగానే తెలుస్తుంది.

తీసివేసేటప్పుడు

చెడ్డదని తేలిన నోడు ప్లగ్గును ఒక్కసారిగా పీకకండి. దాని స్థానిక డిస్కు మీద నడుస్తున్న పనుల షఫుల్ ఫలితాలు ఉండవచ్చు, హెచ్‌డీఎఫ్‌ఎస్ బ్లాకులు ఉండవచ్చు. ముందుగా దాని పేరును మినహాయింపు ఫైలులో రాసి, యార్న్‌కు, హెచ్‌డీఎఫ్‌ఎస్‌కు రెండింటికీ రిఫ్రెష్ నోడ్స్ ఆదేశం ఇవ్వండి. యార్న్‌లో గడువుతో కూడిన మర్యాదపూర్వక విరమణ ఉంది. నడుస్తున్న కంటైనర్లు ముగిసేదాకా అది ఆగుతుంది. స్పార్క్‌లో డీకమిషన్ అమరికను, దానితోపాటు షఫుల్ బ్లాకుల తరలింపును తెరిచి ఉంచితే, వెళ్లిపోయే ఎగ్జిక్యూటరు తన ఫలితాలను ఇతరులకు అప్పగించి వెళుతుంది. హెచ్‌డీఎఫ్‌ఎస్ నివేదికలో ఆ నోడు స్థితి డీకమిషన్డ్ అని మారేదాకా ఎదురుచూసి, ఎఫ్ఎస్‌సీకే ఆదేశంతో ప్రతులు తక్కువగా ఉన్న బ్లాకులు లేవని నిర్ధారించుకున్న తరువాతే యంత్రాన్ని ఆపండి. డిస్కే చెడిపోతుంటే ఈ తరలింపు నెమ్మదిగా సాగుతుంది. అప్పుడు కూడా ఒకేసారి రెండో నోడు జోలికి వెళ్లకండి. మూడు ప్రతుల్లో రెండు ఆ రెండు నోడుల మీదే పడిన బ్లాకులు చిన్న క్లస్టరులో అరుదు కాదు, వాటికి ఒక్క ప్రతే మిగులుతుంది.

మన జిల్లాలో అక్టోబరు నెల వచ్చిందంటే ఇంకొక ఏర్పాటు అవసరం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో ఎన్నో ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు నోడులను ఒక్కొక్కటిగా విరమింపజేయడం కంటే, నడుస్తున్న పనుల మధ్యంతర ఫలితాలను హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో భద్రపరచి, క్లస్టరు మొత్తాన్ని క్రమపద్ధతిలో ఆపడం మేలు. తిరిగి లేపిన తరువాత 99.9 శాతం బ్లాకుల ఆచూకీ తెలిసేదాకా నేమ్‌నోడు సేఫ్ మోడ్‌లోనే (డేటాలో మార్పులు చేయనివ్వని స్థితిలోనే) ఉంటుంది. తొందరపడి దాన్ని బలవంతంగా బయటకు తేకండి; బయటకు రాకపోవడానికి కారణం కొన్ని నోడులు లేవకపోవడమే అయి ఉండవచ్చు, వాటిని వెతకండి.

తిరిగి చేర్చుకోవడం

బాగుచేసిన నోడును ఆ రోజే క్లస్టరులో కలపకండి. మేము దాన్ని ముందు ఒంటరిగా ఒక పగలు, ఒక రాత్రి పరీక్షిస్తాం: డిస్కు మీద నిడివైన స్మార్ట్ పరీక్ష, మెమరీ పరీక్ష, మాస్టరుకు పెద్ద ఫైళ్లు పంపుతూ నెట్‌వర్కు వేగ పరీక్ష. ఆ తరువాత ఫలితం ముందే తెలిసిన ఒక పనిని దాని చేత పదే పదే చేయించి, వచ్చిన జవాబును పాత జవాబుతో అక్షరం అక్షరం పోల్చిచూస్తాం. ఈ చివరి మెట్టు అనవసరమని కొందరు అంటారు. కానీ 2021లో ఫేస్‌బుక్ ఇంజనీర్లు ప్రచురించిన పరిశీలనలో, ఒక ప్రాసెసరులోని ఒక కోరు 1.1ను 53వ ఘాతానికి హెచ్చించినప్పుడు 156 అని రావలసిన పూర్ణాంకాన్ని 0గా ఇచ్చింది. దానివల్ల స్పార్క్ పనిలో విప్పవలసిన కొన్ని ఫైళ్ల పరిమాణం సున్నాగా లెక్కకు వచ్చి, ఏ లోపమూ నమోదు కాకుండానే డేటా తప్పిపోయింది. లోపం చూపని, నెమ్మదించని, తప్పు జవాబు మాత్రమే ఇచ్చే నోడును పట్టుకోవడానికి జవాబు పోల్చడం తప్ప వేరే దారి లేదు. నదుల నీటిమట్టాల లెక్కల్లో ఒక తప్పు సున్నా దూరినా వాటిని నమ్మి చదివేవారికి అది ఎంత చేటో చెప్పనక్కరలేదు.

పరీక్షలు దాటిన నోడును మొదటి వారం తక్కువ కోర్లతో, యార్న్‌కు మాత్రమే చేర్చండి; హెచ్‌డీఎఫ్‌ఎస్ బ్లాకులను దాని మీద రెండో వారం నుంచి పెట్టండి. ప్రతి నోడుకు ఒక పుస్తకం ఉంచి, పక్కన పెట్టిన తేదీ, కనబడిన లక్షణం, తేలిన కారణం, మార్చిన భాగం అందులో రాయండి. ఏడాదిలో ఒకే నోడు మూడుసార్లు బయటకు వెళ్లి, మూడుసార్లూ కారణం తేలకపోతే, మేము దాని మీద ఎర్ర చీటీ అంటించి, నెట్‌వర్కు తీగ తీసి, మొదటి సంవత్సరం విద్యార్థులు లైనక్స్ నేర్చుకునే గదికి పంపుతాం; మినహాయింపు ఫైలులో దాని పేరు మాత్రం తుడవం, ఎందుకంటే తుడిస్తే, సెలవుల తరువాత ఎవరైనా తెలియక ఆ తీగను మళ్లీ తగిలిస్తే ఆ నోడు దానంతట అదే పనిలో చేరిపోతుంది.